గడియ

జీవకోనలో మా ఇంటికి ఒకటే తలుపు.
గడియ వదులు. బయట తడితే లోపల అదురుతుంది.
ఆ అదురుకు వీపు ఆనించి
ఐదు నెలల కడుపుతో నిలబడేది
నా కోడలు దేవసేన.

నా కొడుకు చీటీ ఎత్తేసి యాడికి పోయినాడో
ఈ పొద్దుకీ తెలీదు.
వచ్చినోళ్లు రౌడీలు కారు.
బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి పెట్టే వళ్లియమ్మ,
లాడ్జీ దుప్పట్లు ఉతికే ఏకాంబరం,
కూతురి కాలేజీ ఫీజంతా మా చీటీలోనే పోసిన
పూల చెంగమ్మ.
తట్టే హక్కు వాళ్లకుంది.
తీసే మొహం మాకు లేదు.

లైటు ఆర్పేదాన్ని. ఫ్యాను ఆపేదాన్ని.
మే నెల. వెనక కొండరాయి
రాత్రి కూడా సెగ కక్కేది.
"ఊపిరి బిగబట్టు మే" అని
దాని నోటికి నా చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.
రెండో చెయ్యి కడుపు మీద.
పంచాంగంలో గడియంటే ఇరవై నాలుగు నిమిషాలంట.
ఒక్కో రాత్రి ఒక గడియ తట్టేవాళ్లు,
ఒక్కో రాత్రి మూడు.
తట్టిన ప్రతిసారీ లోపల బిడ్డ ఒక్క ఎగురు ఎగిరి
ఆపైన రాయి మాదిరి ఉండిపోయేవాడు.
మంచి బిడ్డ, చెప్పిన మాట వింటాడు
అనుకున్నాను.
అంత తెలివి నాది.

నిద్ర పట్టక అది కిటికీ సందులోంచి
ఘాట్ రోడ్డెక్కే బస్సుల దీపాలు లెక్కపెట్టేది.
ఎన్ని మే అంటే చెప్పేది కాదు.
సంగటిలో ఊరిబిండి నంచి పెడితే
రెండు ముద్దలు తిని తట్ట నా వైపు తోసేది.

ఎనిమిదో నెల చివర కాన్పు. కేజీ తొమ్మిదొందలు.
పుట్టి ఏడవలేదు.
నర్సు అరికాలు గిల్లింది, వీపు రుద్దింది, తలకిందులు చేసింది.
వాడు ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

ఇప్పుడు నాలుగేళ్లు లోహిత్‌కు.
మోకాలు పగిలినా సద్దు చెయ్యడు.
గ్యాసు బండవాడు తలుపు తడితే
బీరువా సందులో దూరి
రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంటాడు.
"ఎవరు నేర్పినారో!" అంటుంది పక్కింటి సరళ.

ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ అంతా రాసుకుంది.
"దీనివల్లే అని గట్టిగా చెప్పలేం అవ్వా.
తల్లి బెదురు కడుపులో బిడ్డకి కొంత అందుతుంది.
కొందరికి ఎక్కువ, కొందరికి అసలుండదు.
అయినా పిల్లోడు ఇంకా తయారవుతూనే ఉన్నాడు కదా"
అన్నది.
దేవసేన నేల చూస్తా కూర్చుంది, తప్పు తనదైనట్టు.
అప్పుడు నేను నోరు తెరవాల.
తెరవలేదు.

ఆటోలో, అలిపిరి దాటినాక అన్నాను:
"నువ్వు కాదు మే. ఈ చెయ్యి."
అది బయటికి చూస్తా
"ఆ చెయ్యి లేకుంటే అరిచేసేదాన్ని అత్తా" అన్నది.
మన్నించిందో,
ఉన్న మాట చెప్పిందో.

ఈ మధ్య వాడూ నేనూ ఒక ఆట పెట్టుకున్నాం.
నేను లోపల, వాడు బయట.
"తట్టు నాయనా" అంటాను.
తట్టడు. గోటితో గీరుతాడు, పిల్లి మాదిరి.
"ఎవరదీ?"
పలకడు.
నెలన్నర ఇట్లే జరిగింది.

చెంగమ్మకు నెలకు ఐదొందలు కడతా ఉన్నాం.
ఇంకా ఆరేళ్లు కట్టాల.
నిన్న ఒకటో తారీఖు. వచ్చింది.
మెట్టు మీద గీరుకుంటా ఉన్న వాణ్ణి చూసి
పూలబుట్ట దించినట్టున్నాది, సద్దు వినిపించింది.
"అట్లా కాదు సామీ, గట్టిగా కొట్టు.
నేను కొట్టినట్టు."

కొట్టినాడు.
గడియ అదిరింది.

"ఎవరదీ" అని అడగాల నేను.
చీకట్లో లేను, పట్టపగలు.
అయినా నా చెయ్యి నా నోటి మీదికి పోయింది.

వాడు మళ్లీ కొట్టినాడు.