వరస

ఫారంలో పదకొండో గడి:
"దరఖాస్తుదారుతో అధికారికి బంధుత్వం".
జిరాక్సు తీయకముందే ఎవరో
"లేదు" అని రాసేశారు,
మా అందరి తరఫునా, ఒకేసారి.

ఇరవై మూడో పేరు పామంజి గోవిందయ్య, ఇసకపల్లి పాలెం.
తుఫానులో వల పోయింది, ఐసు పెట్టె పోయింది.
సబ్సిడీ అడుగుతున్నాడు.
నా తోడల్లుడు.

సూపరింటెండెంటు నవ్వాడు:
"ఈ తీరాన వరస కలవని మనిషెవరుండారు సార్?
టీ తెచ్చే పిల్లోడు నన్ను మామా అంటాడు,
కరెంటు బిల్లు కొట్టేవోడు బాబాయ్ అంటాడు.
అన్నీ రాయాలంటే ఈ గడి ఏం సరిపోద్ది?"
నిజమే.
కానీ టీ పిల్లోడి ఇంట్లో నేను చెయ్యి కడగలేదు.
గోవిందయ్య కూతురి ఓణీల ఫంక్షన్లో
మొదటి అక్షింతలు నావే.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా పర్లేదు.
మా ఆవిడ అనలేదు ఆ మాట.
అన్నం పెట్టి, ఊరికే నిలబడింది.

మా నాయన వడ్డించేవాడు,
వేటకు పోని నెలల్లో, పెళ్ళిళ్ళలో.
తుమ్మలపెంటలో ఒక పెళ్ళి. నాకు ఎనిమిదేళ్ళు.
విస్తరి ముందు నిటారుగా కూర్చున్నా,
బూరెల గంప మోసుకొస్తున్నది మా నాయనే గదా,
నాకు రెండు పడతాయని.
మా వరస మొదట్లో ఆగాడు.
నన్ను చూశాడు.
గంప మస్తానుకిచ్చి
"అబ్బయ్యా, ఈ వరస నువ్వు చూడు" అని
పప్పు బకెట్టు ఎత్తుకొని అటు పోయాడు.
మస్తాను నాకు ఒకటే వేశాడు.
అదీ చితికింది.

ఆ బూరె కోసం ఏడ్చిన సంగతి
ఫైల్లో రాయలేదు. రాసింది ఇంతే:
"ఇరవై మూడో పేరుతో నాకు బంధుత్వం ఉంది.
ఈ ఎంపికలో నేను కూర్చోను.
వేరొకరిని వేయగలరు."
"లేదు" మీద అడ్డగీత కొడుతుంటే
పెన్ను రెండుసార్లు ఆగింది.

కావలి నుంచి వేరే ఆవిడ వచ్చింది.
కొత్త ఉద్యోగం, మరీ జాగ్రత్త గల మనిషి.
ఎవరేమంటారోనని
గోవిందయ్య పేరు అసలే కొట్టేసింది.
వల పోయిన మాట నిజం.
సరుగుడు తోపులో చిక్కుకున్న దాని పీలికల్ని
ఈ కళ్ళతో చూశాను.
చూశానని చెప్పడానికి
నేను ఆ గదిలో లేను.

ఇది న్యాయమని నేననను.
చితికిన బూరె బాగుందని
మా నాయనా అనలేదు.

అయితే ఒకటి జరిగింది.
ఆ ఒక్క "ఉంది" చూసి
ఆడిటు ఆయన మిగిలిన గడుల మీద వేలు పెట్టాడు.
వలలు అమ్మే కొట్టు ఎవరిది?
సొసైటీ సెక్రటరీ భార్యది.
ఐసు పెట్టెల బిల్లు రాసిందెవరు?
కమిటీ మెంబరు అల్లుడు.
ఇంజన్లు పోయినాయన్న పదకొండు మందిలో
నలుగురు నెల్లూరు అపార్టుమెంట్లలో ఉంటారు,
అలని టీవీలో చూస్తారు.
ఫైలు వెనక్కి వచ్చింది.
ఇప్పుడు జిరాక్సులో ఆ గడి ఖాళీ.
అబద్ధమైనా సరే
ఎవరిది వాళ్ళు సొంత చేత్తో రాసుకోవాల.

గోవిందయ్య నాతో మాట్లాడడం లేదు.
మొన్న అల్లూరు బజార్లో ఎదురుపడి
కానాగంతల గంప రెండో భుజానికి మార్చుకొని పోయాడు.
మళ్ళీ అర్జీ పెట్టుకోమని ఒకరితో చెప్పించాను.
చెప్పించడమూ తప్పేనేమోనని
రెండు రాత్రులు పొర్లాను.

ఈ రాత్రి కంచంలో వంకాయ పులుసు.
చెల్లెలింటి నుంచి చేప రావడం లేదంది మా ఆవిడ.

పన్నెండేళ్ళుగా వారం వారం వచ్చిన చేపకి
ఒక్కసారైనా డబ్బులిచ్చానా అని
ముద్ద చేతిలో పట్టుకొని
లెక్క చూసుకుంటున్నాను.