పేచ్ తాళంచెవి

పొరపాటున వచ్చింది నాతో,
చేతిసంచి అడుగున, చిల్లర ఫోరింట్ల మధ్య.
కొండితోపులో మూడో అంతస్తు ఎక్కి
మా తలుపు తీయబోతే
ఇది చేతికి తగిలింది.
తిప్పాను కూడా.
తిరగలేదు.

టైల్స్ కొట్లో పంతొమ్మిదేళ్ళు పద్దులు రాసినందుకు
సేటు పంపిన పదకొండు రోజులవి.
హంగరీలో ఊరు, పేరు పేచ్ అంటే
"పేరులోనే పేచీ ఉందే" అంది చిట్టెమ్మత్త.
పేచీ ఏమీ లేదత్తా.
మసీదుగా కట్టిన గుమ్మటం కింద
ఇప్పుడు కొవ్వొత్తులు వెలుగుతాయి.
నెత్తిన నెలవంకా శిలువా
వానలో ఒకే గొడుగు దొరికిన ఇద్దరిలా
సర్దుకున్నాయి.

నేను దిగిన ఇల్లు ఇలోంకది. ఎనభై దాటిన మనిషి.
ఆమె మాట నాకు రాదు, నాది ఆమెకు రాదు.
కానీ ఊరి పేరుకు తోక తగిలించి
"పేచెత్" అందంటే
పేచ్‌లో అని తెలిసిపోయేది.
మన 'లో' లాగే
వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకునే మాట.
"నువ్వు, పేచెత్" అని నా భుజం తట్టి
ఎర్రపొడి చల్లిన పులుసు వడ్డించి
ఎప్పుడు తుమ్ముతానా అని చూసేది.
రంగు మన కారమే.
కారం మాత్రం లేదు.

అక్కడొక వీధిలో ఇనుప కంచె నిండా తాళాలు.
ప్రేమించుకున్నవాళ్ళు వేసి
చెవులు విసిరేసి పోతారట.
నేనేమో తాళం అక్కడ వదిలి
చెవి తెచ్చుకున్నాను.

పోస్టాఫీసులో ఎళిలరసి ఫారం ఇచ్చింది.
పంపేవారు: వకుళ.
లోపలి వస్తువు: తాళంచెవి, ఒకటి.
విలువ:
అక్కడ ఆగింది పెన్ను.
సున్నా వేస్తే కుదరదట.
వంద వేయడానికి చెయ్యి రాలేదు.
"నాళైకి వాంగక్కా" అంది, వెనక క్యూ చూపించి.
ఆ రేపటికి మూడు నెలలు.
ఇంగువ డబ్బాలో ఉంటోంది అది.

ఈ వేకువన నీళ్ళ లారీ హారన్.
మెట్ల మీద పరుగులు,
రంగు రంగుల బిందెలు, తిట్లు, మోచేతులు.
చూరు కింద నా వంతుకు నిలబడితే
ఆ ఊరి ఫౌంటెన్ గుర్తొచ్చింది.
ఎద్దుతలల నోళ్ళలోంచి నీళ్ళు.
ఆ పింగాణీ మీద పచ్చని మెరుపు
చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెంచిన
బంగారుపురుగు వీపుది.
మా కొట్లో ఏ పెట్టెలోనూ లేని పూత.
పదకొండు రోజులూ చూశాను,
ఒక్కరూ బిందె పెట్టలేదు దాని కింద.

రెండు చేతులా బరువు,
చెవి పళ్ళ మధ్య పట్టుకుని పైకొస్తే
గాలికి తలుపు పడి ఉంది.
నాలుక మీద ఇనుము, ఇంగువ.
హడావిడిలో మళ్ళీ ఇదే తీశానన్నమాట.

కింద లారీ వెళ్ళిపోయింది.
పక్కింటివాళ్ళు లేచేదాకా
తొణికిన నీళ్ళలో పాదాలు పెట్టుకుని
గడప బయట కూర్చున్నాను,
పేచెత్.