ఎనిమిదో ఫిర్యాదు

సోవెత్‌బెక్ మళ్ళీ వచ్చాడు.
బూట్ల మంచు గుమ్మం దగ్గర దులపడు,
తెచ్చి నా బల్ల ముందే కరిగిస్తాడు.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు;
నారిన్‌లో ఇతన్ని టీకి పిలిచే ఇల్లు లేదు.

మూడేళ్ళలో ఏడు ఫిర్యాదులు.
పారల మీద, బస్తాల కుట్టు మీద,
ఒకసారి మా కవరుకి పూసిన జిగురు మీద.
ఏడూ నేనే చదివాను, ఏడూ నేనే కొట్టేశాను.

ఇప్పుడిది బడుల బొగ్గు టెండరు.
గడువు పదకొండింటికి.
పదకొండూ పదికి అందిందని రిజిస్టరు,
పది నిమిషాలు ముందే ఇచ్చానని ఇతను.

"ఎప్పుడూ ఉండేదేగా అక్కా,
ముద్ర కొట్టి పంపేద్దాం," అన్నాడు కెంజెబెక్.
ఏడుసార్లు పులి రాలేదని తేలితే
ఎనిమిదోసారి అడవే లేదనుకోవడం ఎంత సులువు!
నా చెయ్యి స్టాంపు ప్యాడ్ దాకా వెళ్ళింది.
అబద్ధమెందుకు, వెళ్ళింది.

ఫిర్యాదు అందితే సంతకాలు ఆగాలి, అది నియమం.
సంతకాలు ఆగితే బొగ్గు ఆగుతుంది.
ఇది అక్టోబరు.
విద్యాశాఖ నుంచి జిప్పార్‌గుల్ ఫోను:
"తొమ్మిది బడులు. మీ కాగితాలు కాలిస్తే
ఎన్ని గదులు వెచ్చబడతాయి?"
నా దగ్గర జవాబు లేదు.
ఆస్పత్రి గిడ్డంగిని రెండు వారాల బొగ్గు అప్పడిగాను.
ఆ రాత్రి మా ఇంటి పొయ్యిలో
రెండు గడ్డలు తక్కువేశాను,
దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగదని తెలిసే.

టెండరు గెలిచిన తాలాయ్ తేనె సీసాతో వచ్చాడు. వెనక్కిచ్చాను.
సోవెత్‌బెక్ తిట్లు తెచ్చాడు. అవీ తీసుకోలేదు.
ఇద్దరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టాను, కాలు ఊగేది.
ఒకరి మాట రాసి రెండోవారికి చూపించాను.

ఆ తర్వాత, చూద్దామని వెళ్ళాను.
నడవా చివర కొనుగోళ్ళ గది.
బల్ల మీద రిజిస్టరు, దారంతో కట్టేసిన పెన్ను,
పైన గోడ గడియారం.
నా మణికట్టు చూసుకున్నాను. గోడ చూశాను.
మళ్ళీ మణికట్టు.
ఇరవై నిమిషాలు.

లంచం కాదు. బావమరిది కాదు.
కాపలా ముసలాయన తోక్తోసున్
టోపీ తీసి చేతుల్లో నలిపాడు:
"ఆఖరి బస్సు ఆరింటికి, బిడ్డా.
రెండుసార్లు తప్పిపోయి నది వెంట నడిచాను.
అందుకని కాస్త ముందుకి తిప్పాను.
బస్సు కోసమే."

వేసవి నుంచీ ఆ గది
ఊరికంటే ఇరవై నిమిషాలు ముందు బతికింది.
ఎంతమంది ఆ తలుపు దగ్గర
ఆలస్యమైందనిపించుకుని,
తమ గడియారాన్నే అనుమానించి,
మర్యాదగా ఇంటికెళ్ళిపోయారో!
మర్యాద లేనివాడు ఒక్కడే నా దాకా వచ్చాడు.

రాత్రి పాత ఏడు ఫైళ్ళూ దింపాను.
ఆరు సరిగ్గానే కొట్టేశాను.
జిగురు ఫైల్లో మాత్రం నా జవాబు ఒక్క వాక్యం:
"పరిశీలించడమైనది."
ఏం పరిశీలించానో
నాకే గుర్తులేదు.

ఈసారి నాలుగు పేజీలు రాశాను.
ముసలాయన పేరు రాయలేదు, గడియారమని రాశాను.
ఆయన పావుగంట ముందే వెళ్ళొచ్చని
వేరే కాగితం మీద రాశాను.
సోవెత్‌బెక్ కవరు అందరి ఎదుట తెరిచారు.
టన్నుకి పదకొండు సోమ్‌ల తేడాతో
ఓడిపోయాడు.
బొగ్గు తాలాయ్ లారీల్లోనే వెళ్ళింది.

తీర్పు ప్రతి కోసం వచ్చి
నిలబడే చదివాడు, పంక్తి కింద వేలు పెట్టి,
పెదాలు కదుపుతూ.
అంతసేపు అతని నోరు చప్పుడు చెయ్యకపోవడం
నేను చూడలేదు.
కృతజ్ఞతేమీ చెప్పలేదు.
నాలుగో పేజీ నా వైపు తిప్పి,
"ఇక్కడ తేదీ తప్పు," అన్నాడు.
"తొమ్మిదోది రాయనా?"

చూశాను.
తప్పే.
పెన్ను మూత తీశాను.