రెండు వేళ్ల జాగా

సొహార్ రేవులో నా పని కట్టడం.
ఇరవై టన్నుల ఉక్కుచుట్టని
ట్రైలర్ మీద కూర్చోబెట్టి, గొలుసు వేసి బిగించి,
బూటుకాలితో ఒక్క తన్ను తన్ని
కదలదని సంతకం పెట్టడం.
పదకొండేళ్లలో నాకు ఒంటబట్టింది ఒక్కటే:
బండికి బ్రేకు ఉంటుంది,
సరుకుకి ఉండదు.

ఇంట్లో మాత్రం
పన్నెండు కిలోల నాలుగు వందల గ్రాముల మనిషిని
ఎటు తిప్పి కట్టాలో
మూడు వారాలుగా తేలడం లేదు.

జోషితకి రెండు నిండాయి.
కారులో దాని సీటు ఇంకా వెనక్కే చూస్తోంది.
మోకాళ్లు మడిచి, పాదాలు ఎదుటి దిండుకి తన్నిపెట్టి
కప్పపిల్లలా కూర్చుంటుంది.
"కాళ్లు పట్టేస్తాయేమో" అంటుంది నీలవేణి.
"బడిలో గోడకేసి నిలబెట్టినట్టు
అదేం శిక్ష బాబూ" అని
పలాస నుంచి ఫోన్‌లో మా అత్త.
పై అంతస్తు మలయాళీల పిల్లాడు,
మా దానికన్నా రెండు నెలలు చిన్న,
ముందుకి తిరిగి, రాజుగారిలా
మాకు చెయ్యూపుతూ పోతున్నాడు.

పెట్టె మీద అరబ్బీ అంకెల్లో పద్దెనిమిది కిలోలని ఉంది.
ఆ అంకెలు నేను లారీల నంబరు పలకల మీద నేర్చుకున్నవి.
ఎంతవరకు తిప్పకుండా ఉండొచ్చో రాశారు,
తిప్పే రోజేదో రాయలేదు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం
తల్లీ పిల్లా పడుకున్నాక కిందికి దిగాను.
బకిల్ ముట్టుకుంటే చుర్రుమంది.
సీటు విప్పి, ముందుకి తిప్పి,
మోకాలు అదిమి పట్టీ లాగాను.
ఊపి చూశాను. కదలలేదు.
నా చేతికట్టు కదలదు.
కానీ నేను బిగించింది సీటుని,
దాని మెడని కాదు.
మెడ ఇంకా తోటకూర కాడ.
తల మాత్రం మా వంశం తల,
పదేళ్లవాడి టోపీ పడుతుంది.

గుల్‌జమాన్ గుర్తొచ్చాడు.
సహం దగ్గర మేకలు అడ్డొచ్చాయని
పైపుల లోడుతో ఒక్కసారి బ్రేకు తొక్కాడు.
వెనక నేను కట్టిన పైపుల్లో ఒక్కటీ జరగలేదు.
కేబిన్‌లో టీ ఫ్లాస్కుని ఎవరూ కట్టలేదు.
అద్దం పగలగొట్టింది అదే.

చెమట కళ్లలోకి దిగుతుంటే
మళ్లీ అంతా విప్పి
ఎప్పటిలాగే వెనక్కి తిప్పి బిగించాను.
పైకెళ్లి ఏమీ చెప్పలేదు.
అరచేతి మీద ఎర్రటి గీత చూసి
నీలవేణి కూడా ఏమీ అడగలేదు,
మజ్జిగ గ్లాసు పెట్టింది.

నిజం చెప్పాలంటే, నా బెంగ దాని కాళ్ల గురించి కాదు.
పన్నెండు గంటల డ్యూటీ.
నేను వెళ్లేప్పటికి నిద్ర, వచ్చేప్పటికి నిద్ర.
వారానికోసారి ఈ కారులోనే
మెలకువగా ఉన్న కూతురు నాకు దొరికేది.
అప్పుడు కూడా నా అద్దంలో
ఒక సీటు వీపు, పైన రెండు పిలకలు.
ముఖమంతా వెనక అద్దానికే.
ఆ ముఖం కోసం
కాళ్ల నొప్పుల వంక పెట్టుకున్నాను.

సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి కొలిచాం.
నడినెత్తికీ సీటు అంచుకీ మధ్య
నా వేళ్లు రెండు పట్టాయి.
నీలవేణివి మూడు పట్టాయి.
"సరే, నీ వేళ్లే లెక్క" అంది,
పెన్సిల్‌తో గీత పెట్టి తారీఖు వేసింది.
జీతం పడిన రోజు మళ్లీ కొలవాలి.

తర్వాత ముగ్గురం లివా వైపు బయల్దేరాం.
ఎండ తగ్గింది, రోడ్డు మీదికి ఇసుక పాకుతోంది.
నేను ముందు లారీని చూస్తున్నాను,
నీలవేణి ఫోన్‌లో చేపల ధర చూస్తోంది.
వెనక నుంచి కేక:
"నాన్నా, ఒంతే!"

"ఏదమ్మా?" అన్నాను,
కుడివైపూ ఎడమవైపూ వెతుకుతూ.

"పోయింది" అంది,
పోయినదాన్ని ఇంకా చూస్తూనే.