నూకరత్నం లెక్కల పుస్తకం

ఫిషింగ్ హార్బర్, టీ బడ్డీ బల్ల మీద లాప్‌టాప్.
పుస్తకం ఉప్పుగాలికి ఉబ్బిపోయి మూత పడనంటోంది.
"సొసైటీవోళ్ళు కంపూటర్లోకి ఎక్కించమన్నారు,
పొల్లు పోకూడదు"
అంది వాసుపల్లి నూకరత్నం.

పెద్ద పార్సర్ ఒక్కసారే రాయడం నాకు రాదు.
తెలిసిన పని చిన్నది:
అంకెను పట్టే కన్ను ఒకటి,
చేప పేరును పట్టే కన్ను ఒకటి.
కోనాం, కాకపోతే చందువ,
అదీ కాకపోతే కానగంతలు.
కన్నుకి కన్ను ముడేస్తే వల, వలలో ఒక వరస.
పడలేదా, గొడవ లేదు,
ఒక్క అక్షరమూ మింగకుండా
వచ్చిన దారినే వెనక్కొచ్చి
పక్క కన్నుకి అప్పగించడమే.

పది గంటలకల్లా ముప్పై పేజీలు జారిపోయాయి.

అప్పుల పేజీ దగ్గర తెర బిగుసుకుంది.
నేను రాసిన సూత్రం: అప్పు అంటే
అప్పు, దాని మీద వడ్డీ.
ఆ మొదటి అప్పేమిటని చూడబోతే
అదీ అప్పే, దాని మీద వడ్డీ.
అడుగు తగలని నూతిలోకి దిగుతూ దిగుతూ
ఫ్యాను ఊళపెట్టింది.
నూకరత్నం నవ్వింది.
"మా అయ్య తెచ్చిన అప్పూ అలగే ఉండీది బాబూ.
ముందల అసలెంతో రాయి.
ఆనక వడ్డీలు ఎన్నుంటే అన్ని తగిలించు."
సరిగ్గా అంతే. రెండు పంక్తులు తిరగేశాను.
రుషికొండ మీద ఆరేళ్ళ జీతంలో
ఎవరూ నాకింత చవగ్గా చెప్పలేదు.

మళ్ళీ ఆగింది.
ఏప్రిల్ పదిహేను.
తేదీ ఉంది, పక్కన చేప ఉండాలి,
తెల్ల కాగితం.
పదహారు, తెల్ల కాగితం.
జూన్ పద్నాలుగు దాకా అరవై ఒక్క తేదీలు
వంకర పోకుండా, ఒకదాని కింద ఒకటి.

"వేట లేనప్పుడు తేదీలెందుకు వేశావు?"
రొయ్య ఒలుస్తున్న చెయ్యి ఆపలేదు.
"సేప లేని రోజు
రోజు కాదేటి?"

నా కోడ్‌లో ఉన్న మాట: కనీసం ఒకటి.
లైబ్రరీలో దాని పక్కనే, కవలల్లా, ఇంకోటుంది:
ఎన్నైనా, సున్నా అయినా.
ఇన్నాళ్ళూ చేతికందినదే వాడాను.
మార్చాను.

అరవై ఒక్క ఖాళీ జాబితాలు
తప్పు అనిపించుకోకుండా వచ్చాయి.
యారాడ కొండ వైపు ఎండ జరిగింది.
చివరి పేజీ చివర, చదవాల్సిన మిగులు ఏమీ లేదంది తెర.

"అయిపోనాదా?"
అయిందన్నాను.
"మరిదేటి?" అట్ట లోపలివైపు చూపించింది.
పెన్సిల్‌తో ఒక ఫోను నంబరు,
పక్కన పేరు లేదు.
ఎవరిదని అడిగాను.
కాసేపు చూసి, గుర్తు లేదంది.
"ఉండనీ" అంది మళ్ళీ.