బీరువా తాళం

ఏప్రిల్ ఇరవై మూడు.
ఆఖరి గంటకి ఇంకా పావుగంట ఉంది.
ఇనప బీరువా తెరిచాను.
మూడేళ్ళుగా అందులో పుస్తకాలు
కొత్త అట్టల వాసనతోనే ముసలివైపోతున్నాయి.
"పోతే నీ జీతంలో కోసేత్తారమ్మా" అంది ఆయా దాలమ్మ.
కొయ్యనీ.
లోపల ఉన్నవి మాత్రం పోలేదని ఎవరన్నారు?

ఇరవై రెండు మంది పిల్లలు.
ఎవరి చేతికి ఏది తగిలితే అది.
"సెలవుల్లో ఏటి రాసుకు రావాల మేడం?"
ముందు బెంచీ మోనిక అప్పుడే పెన్సిలు చెక్కుతోంది.
ఏమీ రాయక్కర్లేదు తల్లీ.
ఎన్ని పేజీలయ్యాయని అడగను.
నచ్చకపోతే మధ్యలో వదిలెయ్,
నచ్చిన పేజీ పదిసార్లు చదువుకో,
చివర్నించి మొదలెట్టినా పోలీసులు రారు.
వాళ్ళు నమ్మలేదు.
ఇందులో ఏదో మెలిక ఉందని
నా మొహం వంకే చూస్తూ ఇళ్ళకి పోయారు.

ఉద్దానంలో మే నెలంటే జీడితోటలు.
తెల్లారకుండా తల్లుల వెనక నడిచి
రాలిన పండు మెలితిప్పి
పిక్క వేరుచేసే చిన్న చేతులు.
ఆ చేతులు పుస్తకం పట్టుకుంటాయా
అని కాశీబుగ్గ అద్దెగదిలో
ఫ్యాను కింద పడుకుని నేను.

ఓ సాయంత్రం సంతలో
లోహిత వాళ్ళమ్మ నా కొంగు పట్టుకు ఆపింది.
బట్టీలో పిక్కలు కొట్టి కొట్టి
రేషన్ మిషను గుర్తుపట్టని వేళ్ళు.
"మా గుంట రేత్రిపూట ఏదో గొనుగుతాది మేడం.
గాలి సోకిందేమో అనుకున్నాను.
దగ్గిరికెల్లి సూత్తే పుస్తకం.
సరే, నానూ కూకున్నాను.
కరెంటు పోతే సెల్లు లైటు నానే పట్టాను.
ఇప్పుడు ఆ నక్క నూతిలో పడిపోయింది.
బతుకుతాదా అనడిగితే
రేపు సదువుతానని పడుకుండిపోయింది గుంట.
నువ్వయినా సెప్పమ్మా, బతుకుతాదా?"

నాకు తెలుసు.
చెప్పలేదు.
"రేపటిదాకా ఆగు" అన్నాను.
వంకాయలు సంచీలో వేసుకుంటూ
నన్ను తిట్టుకుంటూనే వెళ్ళింది.

జూన్ పన్నెండు. మబ్బుంది, చినుకు లేదు.
పుస్తకాలు తిరిగొచ్చాయి.
ఒకదాని పేజీలు పనస జిగురుకి అతుక్కున్నాయి.
ఇంకోదాన్ని దులిపితే బారువ ఇసుక.
గుర్తుకని పెట్టిన కోడి ఈక
ఇంకా ముప్ఫై ఏడో పేజీలోనే ఉంది.

మోనిక పుస్తకం మాత్రం
అట్ట వేసి, అంచు నలగకుండా వచ్చింది.
అడగనన్నాను కదా, అడగలేదు.
తనే తల దించుకుంది.
"మరక పడతాదని తెరవనేదు మేడం."
ఆ మాట మేం నేర్పిందే.
పుస్తకం మళ్ళీ దాని చేతిలోనే పెట్టి
ఈసారి మరక చేసుకు రమ్మన్నాను.

ఢిల్లేశు గోడ పక్కనే నిలబడ్డాడు.
మార్చిలో కూడా వత్తుల దగ్గర ఆగిపోయినవాడు.
వాడి పుస్తకంలో ఆఖరి నాలుగు పేజీలు లేవు.
"మేక తినేసింది."
మరి కథ?
"ఆగిపోతే ఎలాగని మిగిలింది నానే సేసీసాను."
చెప్పరా అన్నాను.
చెప్పాడు.
రాజు ఆఖరికి ఓ మేకని మంత్రిని చేశాడట,
రాజ్యం మొత్తంలో
అక్షరాలు కడుపు నిండా తిన్నది
అదొక్కటేనట.
క్లాసంతా విరగబడి నవ్వింది.
అసలు ముగింపు నేను చదివాను.
అందులో ఇంత పసలేదు.

రిజిస్టరులో చిన్న గడి ఒకటుంది,
పుస్తకం ఏ స్థితిలో ఉందో రాయడానికి.
చినిగినది అని రాయబోయి
ఢిల్లేశు పేరు ఎదురుగా
"చదివినది" అని రాశాను.

ఇరవై ఒకటి లెక్క తేలాయి.
లోహితది రాలేదు.
"మా అమ్మ ఇయ్యనంతాది మేడం,
మళ్ళీ మొదట్నించి సదవమంతాది."

దాలమ్మ బీరువా మూసి
తాళం చెవి కోసం చెయ్యి చాపింది.
ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నాను.
నా గుప్పెట వంక చూసి,
ఏమీ అనకుండా
చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళింది.