నిమ్మకాయల లోడు

మంచు చూపిస్తానని మాటిచ్చింది నేనే.
మనాలీ అన్నాను, ఐదు రోజులన్నాను,
చివరికి మిగిలింది క్రిస్మస్ సెలవు, దానికి అతికించిన ఒక సీఎల్,
నాన్న ఊపిరితిత్తుల గురించి డాక్టరు చెప్పిన రెండు ముక్కలు.
అందుకని పొదలకూరులో తెల్లవారుజామున మూడింటికి
సెకండ్‌హ్యాండ్ ఆల్టో తాళం తిప్పి
గిద్దలూరు కనుమకు బయల్దేరాం.

స్టీరింగు నాది.
ముప్పయ్యొక్క ఏళ్ళు లారీ తోలినాయన
పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు
ఉదయగిరి దాకా, ఆ తర్వాతా.
"గేరు మార్చు పాపా, ఇంజను ఏడస్తా ఉండాది, ఇనపళ్ళా?"

బేస్తవారిపేటలో టీ.
గ్లాసును రెండు అరచేతుల మధ్య దాచుకుని
ఎప్పుడూ సగంలో ఆపేసే కథ మొదలుపెట్టాడు.

రాపూరు కాయలు, రెండొందల గోతాలు.
ఢిల్లీలో దించాల్సిన సరుకు.
రేటు పడిపోయిందని, ఇంకా పైకి, జమ్మూ దాటి పైకి పొమ్మన్నాడంట
ఎస్టీడీ బూతులో ఓనరు గొంతు.
కనుమ నడిమధ్యన ఆకాశం విరిగి పడింది.
ముందు లారీలు, వెనక లారీలు,
తెల్లటి దున్నపోతులు పడుకున్నట్టు.
ఆరు రాత్రులు.
క్లీనరు జిలానీ, పందొమ్మిదేళ్ళోడు,
రబ్బరు చెప్పుల్తోనే ఎక్కాడు బండి.
"కాయ రాయైపోయింది పాపా,
బానెట్టు మీద కొడితే టంగుమనింది."
ఏడో పొద్దున దారి తెరిచారు, చక్రాలు తెరుచుకోలేదు.
గోతాలు విప్పి టైర్ల కింద పరిచారు.
కుమ్మరించిన కాయలన్నీ
ఆ తెల్లటి లోయలోకి పసుప్పచ్చగా దొర్లుకుంటా పోతుంటే
ఇద్దరూ నవ్వారంట, ఎందుకో తెలీకుండా,
కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.
యాభై గోతాలు.
రెండేళ్ళపాటు బత్తాలో కోసుకున్నాడు ఓనరు.
జిలానీ కాలివేళ్ళు మూడు
జమ్మూ ఆసుపత్రిలో.

అక్కడ ఆపాడు. ఎప్పుడూ అక్కడే.
టీకి డబ్బులు నేనిచ్చాను.

దిగువమెట్ట చెక్‌పోస్టు దాటామో లేదో
నల్లమల లేదు.
వెదురు లేదు, లోయ లేదు, పిట్టగోడ లేదు,
వైపరు తుడిచిన చోట మళ్ళీ తెలుపే.
"ఇదిగో నాన్నా, మంచు!" అన్నాను, పందెం గెలిచినట్టు.
"ఇదా? ఇది కుక్కరు ఆవిరి."
రెంటికీ ఒకే మాట పెట్టుకున్నాం మనం.
ఒకటి గడ్డిపోచ మీద కాసేపు కూర్చుని పోతుంది,
ఒకటి కాలివేళ్ళు అడుగుతుంది.

మూడో మలుపులో రోడ్డు కూడా పోయింది.
పెద్ద లైటు వేస్తే ఆ తెలుపు తిరిగొచ్చి మొహాన కొట్టింది.
"డిమ్ముకు దించు. ఫస్టు గేరు. నా ఎనకమాలే రా."
వద్దనేలోపే తలుపు తీసుకుని దిగాడు,
మఫ్లరు బిగించి, ఫోను టార్చి నా వైపు తిప్పి పట్టుకుని,
అంచున ఉన్న తెల్లగీత మీద
అడుగు తర్వాత అడుగు.
దగ్గు వినపడింది, తర్వాత వెలుగు,
తర్వాత మళ్ళీ దగ్గు.
మనిషి లేడు.
క్లచ్చు మీద నా కాలు వణికింది.

అప్పుడు తట్టింది.
ఆ రోజు స్టీరింగు నాన్నది.
మరి బండికి ముందు నడిచిందెవరు,
రబ్బరు చెప్పుల్తో?

పైన ఎక్కడో ఎండ పడింది. పొగలోంచి ముందు చెయ్యి వచ్చింది,
తర్వాత మఫ్లరు, తర్వాత నాన్న.
ఎక్కి కూర్చున్నాడు. చెప్పులు తడిసిపోయి ఉన్నాయి.
చాలాసేపటికి అన్నాడు:
"తిరిగొచ్చేటప్పుడు సెంటర్లో ఆపు, జిలానీ బండి కాడ.
నిమ్మసోడా తాగుదాం, ఉప్పేయించుకుని.
డబ్బులు తీసుకోడు వాడు.
అందుకే నేను పోను."

హీటరు గాలిని ఆయన పాదాల వైపు మళ్ళించాను.
వంగి, ఏమీ అనకుండా,
దాన్ని అద్దం మీదకి తిప్పేశాడు.